జాబితాలో పేరు లేని ఖైదీ

బండిలో నలుగురు ఖైదీలు. చేతులు కట్టేసి వున్నాయి. మంచుకొండల మధ్య నుంచి బండి ఒక కోట వూళ్ళోకి వచ్చి ఆగుతుంది. ఒక సైనికుడు కాగితం పట్టుకుని ఒక్కొక్కరి పేరూ పిలుస్తుంటాడు. తల నరికే మొద్దు పక్కనే సిద్ధంగా వుంటుంది. చివరివాడి దగ్గరికి వచ్చేసరికి అతని పేరు ఆ కాగితంలో కనిపించదు. ఏం చేయాలని సైనికుడు పై అధికారిణిని అడుగుతాడు. జాబితాతో పనిలేదు, అతన్నీ మొద్దు దగ్గరికి పంపమని ఆమె తేల్చేస్తుంది.

'స్కైరిమ్' అనే వీడియో గేమ్ ఇలా మొదలవుతుంది. పేరు దొరకని ఆ ఖైదీ ఎవరో కాదు, ఆట ఆడుతున్న మనిషే. నువ్వెవరివని సైనికుడు అడిగిన ఆ క్షణంలోనే ఆటగాడు తన జాతినీ ముఖాన్నీ పేరునూ ఎంచుకోవాలి. మొత్తం పది జాతులు. మనుషుల్లో నాలుగు, ఎల్ఫ్‌ల్లో మూడు, ఓర్క్‌లు, పిల్లి రూపంలో వుండే ఖజీట్‌లు, బల్లి రూపంలో వుండే ఆర్గోనియన్‌లు. ఏ జాతిని ఎంచుకున్నా మొద్దు దగ్గరికి పోవాల్సిందే. సరిగ్గా గొడ్డలి ఎత్తే సమయానికి ఆకాశం నుంచి డ్రాగన్ దిగి అంతా తగలబెట్టేస్తుంది, ఖైదీ బతికి బయటపడతాడు.

జాబితాలో పేరు లేకపోవటం అంటే ఏమిటో 2019 ఆగస్టు 31న అస్సాంలో 19 లక్షల మందికి పైగా తెలిసింది. వాళ్ళలో ముస్లింలూ వున్నారు, హిందువులూ వున్నారు. వాళ్ళ కోసం ఏ డ్రాగనూ రాలేదు. అందుకే ఈ మొదటి సన్నివేశం మాకు కేవలం కల్పనగా అనిపించదు. దీన్ని తయారుచేసినవాళ్ళు మమ్మల్ని దృష్టిలో పెట్టుకుని చేయలేదన్న సంగతి మాకు తెలుసు. అయినా ఒక రచన దాన్ని రాసినవాళ్ళ వుద్దేశం దగ్గరే ఆగిపోదు, చదివేవాళ్ళ బతుకుల్లోకి కూడా వస్తుంది.

కవిత్వాన్నీ కథనూ సినిమానూ ముస్లిం అస్తిత్వ దృష్టితో చూసిన మనం ఒక ఆటను పట్టించుకోవాలా అని కొందరు మిత్రులు అడగొచ్చు. పట్టించుకోవాలనే మా అభిప్రాయం. అమెరికాలోని బెథెస్డా సంస్థ టాడ్ హోవర్డ్ దర్శకత్వంలో తయారుచేసిన ఈ ఆట 2011 నవంబర్ 11న విడుదలైంది. 1994లో మొదలైన 'ది ఎల్డర్ స్క్రోల్స్' వరసలో ఇది ఐదోది. 2023 నాటికి 6 కోట్లకు పైగా అమ్ముడైందని హోవర్డే చెప్పాడు. మన ఇళ్ళల్లో కథల పుస్తకం ముట్టని పిల్లలు కూడా ఇలాంటి ఆటల్లో వందల గంటలు గడుపుతున్నారు. ఎవరు సొంతవాళ్ళు, ఎవరు పరాయివాళ్ళు అన్న పాఠం వాళ్ళకు ఇక్కడ కూడా అందుతోంది.

ఇలాంటి ఆటను ఓపెన్ వరల్డ్ అంటారు. మొదటి మెట్టు ఎక్కితేనే రెండో మెట్టు అన్న నియమం వుండదు. కళ్ళ ముందున్న కొండ ఎక్కొచ్చు, దారిలో కనిపించిన గుహలోకి దూరొచ్చు, అసలు కథను పక్కనపెట్టి కమ్మరి పని చేసుకుంటూ బతకొచ్చు. ఎవరి పక్షాన నిలబడాలో కూడా ఆటగాడి ఇష్టమే. అందుకే పదేళ్ళు దాటినా ఈ ఆట మీద ఆటగాళ్ళు ఏకాభిప్రాయానికి రాలేదు. కత్తియుద్ధం బాగుందా లేదా, పాత 'మోరోవిండ్' (2002) కన్నా ఇది లోతు తక్కువా అన్న తగవులు మామూలే. వాటికన్నా తీవ్రంగా నడిచే తగవు మరొకటి వుంది. అదే మాకు కావాల్సింది.

స్కైరిమ్ అన్నది ఒక దేశం పేరు. అక్కడి ప్రధాన జాతి నార్డ్‌లు. వాళ్ళు టాలోస్ అనే దేవుణ్ణి కొలుస్తారు. ఒకప్పుడు మనిషిగా పుట్టి, చక్రవర్తి అయి, తర్వాత దేవుడైనవాడు టాలోస్. మనిషి దేవుడెలా అవుతాడని ఎల్ఫ్‌ల రాజ్యం యుద్ధం చేసింది. ఆ యుద్ధంలో చితికిపోయిన సామ్రాజ్యం సంధి కోసం టాలోస్ ఆరాధనను నిషేధిస్తూ సంతకం పెట్టింది. థాల్మోర్ అనే ఎల్ఫ్ అధికారులు వూళ్ళల్లో తిరుగుతూ టాలోస్ భక్తుల్ని పట్టుకుపోతుంటారు. దీని మీద వుల్‌ఫ్రిక్ అనే నార్డ్ నాయకుడు తిరుగుబాటు లేవదీశాడు. ఆటగాడు అతనితో కలిసి పోరాడొచ్చు, లేదా సామ్రాజ్యం సైన్యంలో చేరి అతన్ని అణచొచ్చు.

ఆటగాళ్ళు ఇక్కడే చీలిపోయారు. మత స్వేచ్ఛ కోసం పోరాడుతున్న యోధుడు వుల్‌ఫ్రిక్ అని ఒక పక్షం. అతను జాతి దురహంకారి, పదవి కోసం రాజును చంపినవాడు అని రెండో పక్షం. థాల్మోర్ కార్యాలయంలో దొరికే ఒక రహస్య పత్రాన్ని చూపించి, ఈ అంతర్యుద్ధం ఎంత సాగితే శత్రువుకు అంత లాభమనీ రెండు పక్షాలూ మోసపోతున్నాయనీ మూడో పక్షం. ఇది ఆట, రాజకీయాలు దీంట్లోకి తేకండి అని నాలుగో పక్షం.

మేము వీటిలో ఏ ఒక్క పక్షానికీ పూర్తిగా చెందలేం. ముందుగా ఒప్పుకోవాల్సింది, నార్డ్‌ల బాధ నిజమైన బాధ. తన దేవుడి పేరు బయట పలకలేని స్థితి, మెడలో తాయెత్తు దాచుకోవాల్సిన స్థితి, ప్రార్థనాస్థలానికి పోయినవాడు తిరిగిరాకపోవటం ఎంత భయంకరమో మైనారిటీలుగా బతికినవాళ్ళకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. సామ్రాజ్యాన్ని సమర్థించే ఆటగాళ్ళు, ముఖ్యంగా లౌకికవాదులమని చెప్పుకునేవాళ్ళు, ఒక దేవుణ్ణి వదులుకుంటే శాంతి వస్తుంది కదా, దానికింత రభసెందుకు అని తేలిగ్గా అంటుంటారు. వదులుకోవాల్సింది ఎప్పుడూ ఎదుటివాడి దేవుడే అయినప్పుడు ఆ మాట అనటం సులువు.

కానీ వుల్‌ఫ్రిక్ రాజధాని విండ్‌హెల్మ్ నగరంలోకి అడుగుపెట్టి చూడాలి. నగర ద్వారం దాటగానే ఇద్దరు నార్డ్ మగవాళ్ళు ఒక డన్మర్ స్త్రీని అటకాయించి గూఢచారివని బెదిరిస్తుంటారు. వాళ్ళలో ఒకడు వుల్‌ఫ్రిక్ కుడిభుజంగా వుండే సేనాని తమ్ముడు. డన్మర్‌లు బూడిదరంగు చర్మంవున్న ఎల్ఫ్‌లు. అగ్నిపర్వతం పేలి తమ దేశం నాశనమైతే శరణార్థులుగా వచ్చినవాళ్ళు. ఆట జరిగే కాలానికి ఆ విపత్తు జరిగి రెండు వందల ఏళ్ళు కావస్తోంది. అయినా వాళ్ళకు ఇరుకు సందుల్లో ఒక పేటే మిగిలింది. ఒకప్పుడు మంచుపేటగా వున్న దాని పేరు వాళ్ళ చర్మం రంగుతో గ్రే క్వార్టర్ అయింది. ఆర్గోనియన్‌లకైతే అదీ లేదు. వాళ్ళు రేవులో మూటలు మోస్తూ గోడ బయటే వుండాలి, లోపలికి రాకూడదు.

ఆ మగవాళ్ళు వెళ్ళిపోయాక ఆ స్త్రీ, సువారిస్ ఆమె పేరు, కొత్తగా వచ్చిన మనవైపు తిరిగి, నువ్వు కూడా మమ్మల్ని ద్వేషించేవాడివేనా అని అడుగుతుంది. మొత్తం ఆటలో మమ్మల్ని ఆపిన ప్రశ్న ఇదే. బాధితురాలు ముందుగా పలకరింపు చెప్పదు, ఎదుటివాడు ఏ రకమో తేల్చుకుంటుంది. బస్సులో పక్క సీటువాడు పేరడిగినప్పుడు చెప్పేముందు మాలో ఎంతమంది ఒక్క క్షణం ఆగుతారో ఆ క్షణంలోంచి పుట్టిన ప్రశ్న అది.

వుల్‌ఫ్రిక్ పక్షం ఆటగాళ్ళు దీనికి చెప్పే సమాధానాలు చూడండి. ఆశ్రయం ఇచ్చిన దేశం కోసం డన్మర్‌లు యుద్ధంలో చేరటం లేదు కదా అంటారు. వాళ్ళు తమ దేశంలో ఆర్గోనియన్‌లను బానిసలుగా వాడుకున్నవాళ్ళే కదా అంటారు. విండ్‌హెల్మ్‌లోనే సొంత పొలం వున్న ఒక డన్మర్ రైతును చూపిస్తారు. తన వాళ్ళు వూరికే ఏడుస్తారనీ తాను కష్టపడి నార్డ్‌లతో కలిసిపోయాననీ చెప్పే పాత్ర అది. ఈ మూడు వాదనలూ మాకు బాగా తెలిసినవే. దేశభక్తి నిరూపించుకోమనటం, ఎప్పుడో ఏలిన సుల్తానుల లెక్క ఇప్పటి రిక్షావాడి దగ్గర అడగటం, మంచి ముస్లిం ఒకర్ని చూపించి మిగిలినవాళ్ళ నోరు మూయించటం. పదిహేనేళ్ళ కుర్రవాడు అమెరికాలో కూచుని ఒక కల్పిత నగరం గురించి ఈ మాటలు అంటున్నాడంటే, అవి ఏ ఒక్క దేశానివీ కావని అర్థం. మెజారిటీ ఎక్కడ భయపడినట్టు నటిస్తుందో అక్కడల్లా ఇవే మాటలు మొలుస్తాయి.

పైగా స్కైరిమ్ నార్డ్‌లదే అన్న నినాదానికి ఆట చరిత్రలోనే ఆధారం లేదు. నార్డ్‌లు ఉత్తరాన వున్న అట్మోరా ఖండం నుంచి సముద్రం దాటి వచ్చినవాళ్ళు. అంతకుముందు అక్కడున్న మంచు ఎల్ఫ్‌లను తరిమి కొట్టారు. ఆ ఎల్ఫ్‌ల వారసులు చూపు పోగొట్టుకుని, భూగర్భంలో రాక్షసుల్లా బతుకుతూ ఆటగాడి కత్తికి బలవుతుంటారు. మొదట వచ్చినవాడిదే నేల అయితే అది నార్డ్‌లది కాదు. చివరగా గెలిచినవాడిదే నేల అయితే సామ్రాజ్యం మీద ఫిర్యాదు చేసే హక్కు వుల్‌ఫ్రిక్‌కు లేదు. ఆటగాళ్ళలో ఈ సంగతి పట్టుకున్నవాళ్ళు వున్నారు. వాళ్ళు చేసే వాదన చాలామంది చరిత్ర ఆచార్యుల వాదన కన్నా సూటిగా వుంటుంది.

అయితే సామ్రాజ్యం పక్షం తీసుకుంటే మన పని తేలిక అవుతుందా? మన లౌకిక మిత్రులు చాలామంది ఆ పక్షమే తీసుకుంటారు. అది అన్ని జాతుల్నీ కలుపుకుపోతుందన్నది వాళ్ళ నమ్మకం. ఆ సామ్రాజ్యమే పేరు లేని ఖైదీని మొద్దు దగ్గరికి పంపింది. దాని పాలనలో వున్న నగరాల్లోనూ ఖజీట్ వర్తకులకు ప్రవేశం లేదు. వాళ్ళు గోడల బయట గుడారాలు వేసుకుని మసాలాలు, మందులు, కత్తులు అమ్ముకుంటారు. దొంగలనీ మత్తుసరుకు తెచ్చేవాళ్ళనీ వూరివాళ్ళ అనుమానం. వాళ్ళలో అలాంటివాళ్ళు కొందరు వున్న మాట నిజమే. అలాంటి నార్డ్‌లు కూడా కావలసినంతమంది వున్నారు. వాళ్ళను ఎవరూ జాతి మొత్తంగా గోడ బయట పెట్టలేదు.

సామ్రాజ్యం గెలిస్తే విండ్‌హెల్మ్ గద్దె బ్రున్‌వుల్ఫ్ అనే నార్డ్‌కు దక్కుతుంది. అతను మంచివాడు. డన్మర్‌ల మీద, ఆర్గోనియన్‌ల మీద జరిగే అన్యాయాన్ని బాహాటంగా తప్పుపట్టినవాడు. అతన్ని చూసి వూరట పడాల్సిందే. కానీ గమనించండి, అణగారినవాళ్ళ తరఫున మాట్లాడేది ఒక మంచి నార్డ్, గెలిచాక పాలించేదీ ఆ మంచి నార్డే. గ్రే క్వార్టర్ నుంచి ఒక్కరైనా ఆ గద్దె దగ్గరికి రారు. మా తరఫున మాట్లాడిన ఉదార మిత్రుల పట్ల మాకు కృతజ్ఞత వుంది. మా తరఫున మేమే మాట్లాడటం మొదలుపెట్టినప్పుడు వాళ్ళలో కొందరి ముఖాలు మారటం కూడా మేము చూశాం.

ఇక మా పేర్లతో తిరిగే జాతి దగ్గరికి వద్దాం. రెడ్‌గార్డ్‌లు హామర్‌ఫెల్ అనే దేశం నుంచి వచ్చినవాళ్ళు. ఎడారి, వంపుకత్తులు, తలపాగాలు. వాళ్ళలో నజీమ్, నజీర్, అహ్లామ్, సాదియా లాంటి పేర్లు వినిపిస్తాయి. ఆ లోకంలో ఇస్లాం లేదు. రెడ్‌గార్డ్‌లకు చాలామంది దేవుళ్ళున్నారు. అంటే మా పేర్లూ బట్టలూ కత్తీ ఎడారీ తీసుకుని మధ్యలో వున్న మనిషి విశ్వాసాన్ని తీసి పక్కన పెట్టారు. ఎదురుపడితే సలాం కూడా వుండదు. న్యాయంగా చెప్పాలంటే ఇదే సంస్థ 1998లో 'రెడ్‌గార్డ్' పేరుతోనే ఒక ఆట తెచ్చింది. అందులో సైరస్ అనే రెడ్‌గార్డే నాయకుడు. కాబట్టి పగబట్టి చేశారని మేము అనం. అలవాటుగా చేశారంటాం. పగను ఎదుర్కోవటం కన్నా అలవాటును ఎదుర్కోవటం కష్టం.

వైట్‌రన్ నగరంలో నజీమ్ అనే ధనిక రైతు వుంటాడు. కోటలో పెద్దవాళ్ళతో తనకు పరిచయాలున్నాయని ఎదురైనవాళ్ళందరికీ గొప్పలు పోతాడు. ఈ ఆటలో ఆటగాళ్ళు అందరికంటే ఎక్కువగా అసహ్యించుకునే పాత్రల్లో అతనొకడు. అతన్ని రకరకాలుగా చంపటం ఒక వినోదమైంది. ఇది మతద్వేషం అని మేము అనటం లేదు. అతని పొగరే దానికి కారణం. అలాంటి పొగరు మనుషులు మా మొహల్లాల్లోనూ వున్నారు, మేమూ నవ్వుతాం. కానీ వాళ్ళ పక్కన మాకు వంద రకాల మనుషులు తెలుసు. ఒక తెల్ల కుర్రవాడికి ఆ పేరుతో తెలిసిన మనిషి నజీమ్ ఒక్కడే అయితే అప్పుడు ఆ నవ్వు సంగతి వేరు.

అదే నగరంలో ఆటగాళ్ళను అన్నిటికన్నా సమానంగా చీల్చిన చిన్న కథ ఒకటి వుంది. అలికర్ ఎడారి నుంచి వచ్చిన తలపాగాల యోధులు ఒక రెడ్‌గార్డ్ స్త్రీ కోసం వెతుకుతుంటారు. ఆమె సాదియా పేరుతో సత్రంలో పనిచేస్తుంటుంది. శత్రురాజ్యానికి వ్యతిరేకంగా మాట్లాడినందుకు వీళ్ళు నన్ను చంపటానికి వచ్చారని ఆమె చెబుతుంది. ఆమె మా టానెథ్ నగరాన్ని శత్రువుకు అమ్మేసింది, విచారణకు తీసుకుపోతామని వాళ్ళ నాయకుడు కెమటు చెబుతాడు. ఆటగాడు ఎవరో ఒకర్ని నమ్మి రెండోవారిని బలి ఇవ్వాలి. ఎటు నిలిచినా డబ్బు ముడుతుంది. ఎవరు నిజం చెప్పారో ఆట చివరిదాకా చెప్పదు.

హామర్‌ఫెల్ ఆ శత్రువుతో చివరిదాకా పోరాడిన దేశం, అక్కడి యోధులు శత్రువుకు కిరాయి పని ఎందుకు చేస్తారు అని కెమటును నమ్మేవాళ్ళ తర్కం. నిజాయితీపరుడైతే బందిపోట్ల గుహలో ఎందుకు దాక్కున్నాడు అని సాదియాను నమ్మేవాళ్ళ తర్కం. ఈ తర్కాలకు కింద మరో పొర వుంది. తలపాగా మగవాళ్ళు ఒక స్త్రీని వెంటాడుతున్నారంటే తప్పు వాళ్ళదేనని కొందరు ఏమీ వినకముందే నిర్ణయించుకుంటారు. ఆమె కత్తి తీసి బెదిరించింది కాబట్టి, ఆడది కాబట్టి, కచ్చితంగా మాయలాడే అని మరికొందరు నిర్ణయించుకుంటారు. సాక్ష్యం కన్నా ముందే తీర్పు తయారుగా వుంటుంది.

ఉర్దూ తెలిసిన చెవికి ఈ కథలో ఇంకొకటి వినిపిస్తుంది. సాదియా దాచుకున్న అసలు పేరు ఈమాన్. ఈమాన్ అంటే విశ్వాసం. తయారుచేసినవాళ్ళకు ఆ అర్థం తెలిసి పెట్టారా లేదా అన్నది ముఖ్యం కాదు. 1985లో షాబానో కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చినప్పుడు ఒకవైపు తలపాగాల పెద్దలు, మరోవైపు ముస్లిం స్త్రీని వుద్ధరిస్తామని బయల్దేరిన బయటివాళ్ళు. మధ్యలో ఆ వృద్ధురాలి మనోవర్తి చిన్న విషయమైపోయింది. సాదియా కథ నిర్మాణం కూడా ఇదే. జాతి మగవాళ్ళు ఒకవైపు, డబ్బు తీసుకుని తీర్పు చెప్పే బయటివాడు మరోవైపు. ఆమెకు తన వూరి పంచాయితీలో తన వాళ్ళ ముందు నిలబడి వాదించుకునే చోటు లేదు. ఈ మాట బయటివాళ్ళకే కాదు, మా పెద్దలకూ చెబుతున్నాం. ఆ చోటు మేము ఇవ్వనంతకాలం తీర్పు చెప్పే బయటివాడు వస్తూనే వుంటాడు.

ఇక నాలుగో పక్షం మాట. ఇది ఆట కదా, రాజకీయాలెందుకు అన్నది. ఈ ఆటలో ఆటగాడు తాను కోరుకున్న జాతిలో పుట్టొచ్చు, నచ్చకపోతే మళ్ళీ మొదలుపెట్టి ఇంకో జాతిలో పుట్టొచ్చు. రాజకీయాలు వద్దనే మాట అలా పుట్టగలిగినవాళ్ళకే సాధ్యం. అయినా ఆ ఆటనే వాళ్ళకు సాక్ష్యంగా చూపిస్తాం. ఆటగాడు ఖజీట్‌గా పుట్టాడనుకుందాం. నగర ద్వారాలు అతనికి తెరుచుకుంటాయి. అతను లోపలికి నడిచిపోతుంటే అతని జాతి వర్తకులు గోడ బయట చలిలో గుడారాల దగ్గరే వుంటారు. ఆర్గోనియన్‌గా పుట్టినా విండ్‌హెల్మ్ దొర మెప్పు పొంది ఆ గోడల లోపలే పెద్ద ఇల్లు కొనుక్కోవచ్చు. రేవులో మూటలు మోసే అతని జాతివాళ్ళకు మాత్రం లోపల పడుకునే హక్కు వుండదు.

నువ్వు వాళ్ళలాంటివాడివి కాదులే అన్న మాట మాలో చదువుకున్న ప్రతివాళ్ళూ విన్నదే. పేరు చెప్పగానే ఇల్లు ఖాళీ లేదనే వీధిలో వుద్యోగం చూసి ఒక్కరికి అద్దెకిస్తారు. అది గౌరవంలా కనిపిస్తుంది. నిజానికి అది గోడను పడగొట్టకుండా గోడలో ఒక్క మనిషి పట్టేంత కన్నం చేయటం. స్కైరిమ్ మీద ఇన్నేళ్ళుగా జరిగిన చర్చంతా వుల్‌ఫ్రిక్కా సామ్రాజ్యమా, సాదియానా కెమటునా అన్న చుట్టూనే తిరిగింది. ఎవరు న్యాయమూర్తి, ఎవరు ఎప్పటికీ ముద్దాయి అన్న ప్రశ్న ఆ చర్చలో వెనకబడిపోయింది. ఎవరి పక్షాన నిలిచినా తీర్పు చెప్పే కుర్చీ ఆటగాడిదే.

ఈ ఆటలో ఏం కావాలంటే అది చేయొచ్చని పొగుడుతారు. లోకాన్ని మింగటానికి వచ్చిన డ్రాగన్‌ను చంపొచ్చు. మంత్రవిద్యాలయానికి అధిపతి కావొచ్చు. చక్రవర్తినే హత్య చేయొచ్చు. కానీ తయారుచేసినవాళ్ళు ఇచ్చిన ఆటలో ఖజీట్‌ల గుడారాన్ని నగర ద్వారం లోపలికి తీసుకొచ్చే పని లేదు. ఆర్గోనియన్‌లను గోడ దాటించే పని లేదు. అది కష్టమైన పని అని కాదు, అలాంటి పని ఒకటి వుండాలని ఎవరికీ తోచలేదు. కొందరు ఆటగాళ్ళు సొంతంగా ఆటను మార్చి ఆ వర్తకులకు ద్వారం తెరిచారు. తమకు తెరుచుకున్న ద్వారం దగ్గర ఆగి వెనక్కి తిరిగి చూసినవాళ్ళు వాళ్ళు. ఈ ఆట మీద వచ్చిన అభిప్రాయాలన్నిటిలో మాటల్లో చెప్పని ఆ అభిప్రాయమే మాకు దగ్గరగా తోస్తోంది.